కుంగుతున్న ఇంటికి రెండు అప్పులా?

ప్రశ్న: అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో హెచ్‌1బీ వీసాపై ఇంజనీరుగా పని చేస్తున్నాను. ఊరి చివర ఒక ఇల్లు బాగా చౌకగా వస్తోంది. గచ్చు మాత్రం ఒకవైపు కాస్త వాలి ఉంది. డౌన్‌పేమెంటుకు 401(కె) అనే నా ఉద్యోగ విరమణ పొదుపు ఖాతా నుంచి అప్పుగా కొంత, ఖమ్మంలోని నాన్నగారి ఇంటిని తనఖా పెట్టి కొంత తెద్దామనుకుంటున్నాను. నేల కుంగినా బీమా వస్తుందని, రోడ్లు ప్రభుత్వమే బాగు చేయిస్తుందని అంటున్నారు. కొనవచ్చా?

జవాబు: వద్దు. ధర ఎందుకు తగ్గిందో తేల్చుకోకముందే అప్పు ఎక్కడ పుడుతుందో వెతుక్కోవడం మనవాళ్లలో తరచూ చూస్తున్న పొరపాటు కనుక మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేలలోని మంచు, వాతావరణం వేడెక్కడం వల్లనూ పైనున్న ఇంటి వేడి వల్లనూ కరిగినప్పుడు, ఆ నేల అంతటా ఒకేలా కాక ఒక మూల ఎక్కువగా, ఒక మూల తక్కువగా కుంగుతుంది. గచ్చు మీద పెట్టిన గోళీ దానంతటదే మూలకు దొర్లినా, తలుపును ఏటా చిత్రిక పట్టిస్తే తప్ప మూతపడకపోయినా ఆ ఇంటికి జబ్బు ముదిరిందనే అర్థం. అమెరికాలో ఇళ్లకు ఇచ్చే మామూలు బీమా పాలసీలు నేల కదలికను, కుంగుబాటును మినహాయిస్తాయి. ప్రభుత్వ వరద బీమా సైతం నేల కదలడం వల్ల కలిగిన నష్టానికి పరిహారం ఇవ్వదు. మీకు ధైర్యం చెప్పినవారు ఆ పాలసీ చదివి ఉండరు.

ఇక ప్రభుత్వం సంగతి. వాతావరణ మార్పు వల్ల అలాస్కాలోని ప్రజా భవనాలకు, రోడ్లకు, ఇతర నిర్మాణాలకు 2099 నాటికి దాదాపు 550 కోట్ల డాలర్ల నష్టం రావచ్చని, ముందే జాగ్రత్తపడితే అది 290 కోట్లకు తగ్గుతుందని 2017లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ నష్టంలో మొదటి పద్దు రోడ్లను ముంచే వరదలది, రెండో పెద్ద పద్దు నేల కరగడం వల్ల భవనాలకు జరిగే నష్టానిది. ప్రైవేటు ఇళ్లు ఆ లెక్కలోకి రానే రావు. 1970లలో 800 మైళ్ల చమురు గొట్టం వేసినవారు, వేడికి నేల కరుగుతుందని ముందే గ్రహించి సగానికి పైగా దూరం దాన్ని స్తంభాలపై ఎత్తి నిలిపారు; అంతటి పెట్టుబడి వారికి ఉంది, మీకు లేదు. పైగా ఫెయిర్‌బ్యాంక్స్ శివార్లలోని అనేక కాలనీ రోడ్ల మరమ్మతుకు డబ్బు వచ్చేది ఆ కాలనీవారి ఆస్తిపన్ను నుంచే.

మీ ఉత్తరంలో అత్యవసర నిధి ప్రస్తావన ఒక్కచోటా లేకపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఉద్యోగం పోతే మీ వీసాకు గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. 401(కె) అప్పులో మిగిలినది సాధారణంగా త్వరలోనే తీర్చాలి, లేదంటే పన్ను పడుతుంది, వయసును బట్టి 10 శాతం జరిమానా కూడా. కుంగుతున్న ఇంటిని రెండు నెలల్లో ఎవరికి అమ్ముతారు? ముందు 12 నెలల ఖర్చులను బ్యాంకులో పక్కన పెట్టండి, అప్పటిదాకా అద్దెకే ఉండండి. తరువాత కొన్నా, బోరు వేయించి నేల పరీక్షించిన నివేదిక చూసే కొనండి. దక్షిణం వైపు తిరిగిన కొండవాలులో గడ్డకట్టిన నేల తక్కువ.

నాన్నగారి ఇంటి దస్తావేజులు ఇప్పటికే బ్యాంకుకు ఇచ్చి ఉంటే, ఈ వారమే వెనక్కి తెప్పించండి.