ఇంటి సర్వర్ పెడుతున్న మేనకోడలికి

చిరంజీవి చిట్టి తల్లికి, మామయ్య ఆశీస్సులు.

పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసి, ఇంటిల్లిపాదికీ కలిపి ఒక ఫోల్డర్ పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చిత్తూరు ఇంట్లో ఆ పని నీ చేతుల మీదుగా జరుగుతున్నందుకు గర్వంగా ఉంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఆ ఫోల్డర్‌ను ఇంట్లోని మిగతా కంప్యూటర్లకు అందించే సాంబా ప్రోగ్రాం ఎక్కించడం నీకు నేను చెప్పాలా? రౌటర్‌లో సర్వర్‌కు మారని ఐపీ చిరునామా కేటాయించు. యూపీఎస్ తగిలించు. లైనక్స్ పాస్‌వర్డు వేరు, సాంబా పాస్‌వర్డు వేరు. ఒక్కొక్కరికీ విడిగా పెట్టు. అనుమతి లేదని వస్తే సాంబా అమరికతో పాటు డిస్కు మీది ఫోల్డర్ అనుమతులూ చూడు. వీధి గేటు తీసినా గది తాళం తీయకపోతే లోపలికి వెళ్లలేం కదా. అంతేగానీ, విసుగొచ్చి ఎవరైనా ఏమైనా చేయగలిగే 777 అనుమతి అందరికీ ఇచ్చేయకు.

నా భయమంతా అక్కడే. తిరుపతిలో నాకు తెలిసిన ఒక ఫొటో స్టూడియో యజమాని అదే చేశాడు. పెళ్లిళ్ల ఫొటోలన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండేవి. పాస్‌వర్డు లేదు, ఎవరైనా చెరపవచ్చు. కొత్తగా చేరిన కుర్రాడు చోటు చాలడం లేదని తన కంప్యూటర్ నుంచే ఒక ఫోల్డర్ తీసేశాడు. రీసైకిల్ బిన్‌లో వెతికారు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో చెరిపింది అక్కడికి రాదు. "రెండు డిస్కులున్నాయి సార్, ఒకటి పోయినా రెండోది ఉంటుంది" అన్నాడు యజమాని నాతో. అవి ఒకదానికొకటి నకలుగా ఉండేలా రెయిడ్‌లో జతచేసిన డిస్కులు. ఒకదానిలో చెరిగినది ఆ క్షణమే రెండోదానిలోనూ చెరిగింది. డిస్కు చెడితే ఆ ఏర్పాటు ఆదుకుంటుంది, చేయి జారితే ఏమీ చేయలేదు. పోయిన వాటిలో ఉన్న ఒక పెళ్లికూతురికి అప్పటికే తండ్రి లేడు. ఇంకెక్కడైనా ఉన్నాయేమో చూడమని ఆ అమ్మాయి అడుగుతూనే ఉంది. అతను తల ఎత్తలేకపోయాడు.

అందుకే అమ్మమ్మ ఫొటోలు, పొలం పత్రాలు ఉన్న ఫోల్డర్‌ను అందరికీ చదవడానికి మాత్రమే ఇవ్వు. రాసే హక్కు నీ ఒక్కదానికే. మీ నాన్న అలిగినా సరే! చెరిపినవాటిని పక్కన దాచే రీసైకిల్ మాడ్యూల్ సాంబాలోనే ఉంది, అది పెట్టు. దాన్నే నమ్ముకుని కూర్చోకు. వారానికోసారి బయటి డిస్కులోకి కాపీ తీసి, కేబుల్ ఊడదీసి బీరువాలో పెట్టు.

మీ అన్నయ్య హైదరాబాద్ నుంచి ఫైళ్లు చూస్తానని, సాంబా వాడే 445 పోర్టును రౌటర్‌లో ఇంటర్నెట్‌కు తెరవమంటాడు. ససేమిరా వద్దు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వన్నాక్రై వైరస్ పాకింది విండోస్‌లోని ఎస్‌ఎమ్‌బీ (ఫైళ్లు పంచుకునే పద్ధతి, సాంబా వాడేదీ అదే) మొదటి వెర్షన్‌లోని లోపం గుండానే. మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లనూ అది వదలలేదు. అన్నయ్యను వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (తాళం వేసిన సొరంగం లాంటిది) దారిన రమ్మను. సాంబా 4.11 నుంచి ఆ మొదటి వెర్షన్‌ను మూసే ఉంచారు. పాత టీవీ కోసమని మళ్లీ తెరవకు.

గట్టిగా రాశానని చిన్నబుచ్చుకోకు తల్లీ. మీ తాతయ్య పాడిన కీర్తనల క్యాసెట్లను ఫైళ్లుగా మార్చి నా దగ్గర దాచాను. అవి నీ సర్వర్‌లో ఉండాలని నా కోరిక. బీరువాలోకి మొదటి కాపీ చేరాక, అందులోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసి, అన్నీ బాగున్నాయంటే కబురు పెట్టు. డిస్కు పట్టుకుని బస్సెక్కుతాను.

మీ మామయ్య