డ్రిప్ టైమర్ నుంచి దోమల యాప్ దాకా: ఈసారి టెక్ సందేహాలన్నీ పెరటివే

ఫోన్ హ్యాంగ్ అవుతోంది, ల్యాప్‌టాప్ వేడెక్కుతోంది లాంటివి ఈసారి తక్కువ, పెరటి ప్రశ్నలే కుప్పలుగా వచ్చాయి. మొదలుపెట్టే ముందు నా పక్షపాతం చెప్పేస్తాను: మనం ఇంట్లో లేనప్పుడు మొక్కల్ని చూసుకునే గాడ్జెట్ ఏదైనా నాకిష్టమే, మనం పెరట్లో తీరిగ్గా కూర్చున్నప్పుడు కూడా నోటిఫికేషన్లు పంపి ఫోన్ తీయించేది మాత్రం ఎంత స్మార్ట్ అయినా నచ్చదు. కింద జవాబుల్లో ఈ పక్షపాతం తగులుతూనే ఉంటుంది, ఏమనుకోకండి.

"సార్, పది రోజులు ఊరెళ్లాలని కొళాయికి బిగించే ఆటోమేటిక్ వాటర్ టైమర్ కొన్నాను. టైముకి 'టక్' మని శబ్దం వస్తోంది కానీ నీళ్లు చుక్కలు చుక్కలుగానే వస్తున్నాయి. మాది డాబా మీద ట్యాంకు. టైమర్ పాడైందా?"

పాడవలేదు, మీ ట్యాంకుకి సరిపడే రకం కాదు, అంతే. ఈ టైమర్లలో రెండు రకాలుంటాయి. ఒకటి సోలెనాయిడ్ వాల్వ్, దాంట్లో ఒక రబ్బరు పొర ఉంటుంది, కరెంటు దానికి సైగ మాత్రమే చేస్తుంది, ఆ పొరని పైకి లేపాల్సింది నీళ్ల ఒత్తిడే. ఒత్తిడి చాలకపోతే 'టక్' వినిపిస్తుంది, దారి మాత్రం పూర్తిగా తెరుచుకోదు. నీళ్లు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒత్తిడి సుమారు 1 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం ఇది), అంటే మీ ట్యాంకులో నీటిమట్టం కొళాయి కంటే 4 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే మీకు అందేది 0.4 బార్. చాలా సోలెనాయిడ్ టైమర్లు 0.5 బార్ లేదా అంతకంటే ఎక్కువ అడుగుతాయి, ఆ సంగతి డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండోది బాల్ వాల్వ్ రకం, చిన్న మోటారు ఒక బంతిని తిప్పి దారి తెరుస్తుంది కాబట్టి ఒత్తిడితో దానికి పనిలేదు. డబ్బా మీద '0 బార్ నుంచి' అని ఉన్నది చూసి తీసుకోండి. తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు గుర్రుమంటుంది, అది మామూలే.

టైమర్ మార్చగానే పని అయిపోదు, డ్రిప్పర్లు, అంటే ఒక్కో మొక్క దగ్గర నీటిని చుక్కలుగా వదిలే చిన్న ముక్కలు కూడా చూసుకోవాలి. 'ప్రెషర్ కాంపెన్సేటింగ్' (ఒత్తిడి మారినా నీళ్లు ఒకేలా వదిలే రకం) అని ఉన్నవి కూడా ఒత్తిడి బాగా ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి, ట్యాంకు నీళ్లకి మామూలు డ్రిప్పర్లే మేలు. ఇంకో తిరకాసు ఏమిటంటే గంటకి 4 లీటర్లు అని రాసి ఉంటే అది 1 బార్ దగ్గర లెక్క, ఒత్తిడి నాలుగో వంతుకి పడిపోతే మామూలు డ్రిప్పర్లో ప్రవాహం దాదాపు సగానికి పడుతుంది, అంటే గంటకి 2 లీటర్లు. కాబట్టి డబ్బా మీది అంకెని నమ్మి టైము పెట్టకండి. మొదటి డ్రిప్పర్ కింద ఒక గ్లాసు, చివరి డ్రిప్పర్ కింద ఇంకో గ్లాసు పెట్టి పావుగంట నడిపి కొలవండి. రెండిట్లో బాగా తేడా వస్తే పైపు పొడవెక్కువైందని గానీ, ఎక్కడో చెత్త అడ్డుపడిందని గానీ అర్థం. టైమర్‌కి ముందు చిన్న ఫిల్టర్ ఒకటి తప్పకుండా పెట్టండి, ట్యాంకు అడుగున చేరే నాచూ మన్నూ డ్రిప్పర్లని పూడ్చేస్తాయి.

ఇక అసలు భయం: మీరు ఊళ్లో లేనప్పుడు బ్యాటరీ అయిపోయి వాల్వ్ తెరిచినట్టే ఉండిపోతే? మంచి టైమర్లు బ్యాటరీ తగ్గగానే ముందు వాల్వ్ మూసేసి ఆ తర్వాతే ఆగిపోతాయి, కానీ అన్నీ అలా చేయవు. అందుకని నేను చెప్పేది, మెయిన్ ట్యాంకుకి కాకుండా విడిగా ఒక డ్రమ్ము నింపి కాస్త ఎత్తులో పెట్టి దానికే టైమర్ బిగించండి. 20 మొక్కలకి ఒక్కోదానికి రోజుకి ముప్పావు లీటరు చొప్పున పది రోజులకి 150 లీటర్లు, 200 లీటర్ల డ్రమ్ము బాగా సరిపోతుంది. ఏం జరిగినా పోయేది ఆ డ్రమ్ము నీళ్లే, ఇంటి ట్యాంకు ఖాళీ కాదు. పెద్ద కుండీలకి ఇంకా ఎక్కువ నీళ్లు కావాలంటే లెక్క ఆ ప్రకారం పెంచుకోండి. ఊరెళ్లే రోజు పొద్దున బిగించి వెళ్లిపోకండి, కనీసం ఓ వారం ముందు నుంచి మీ కళ్ల ముందు నడవనివ్వండి. వై-ఫై ఉన్న టైమర్ అయితే షెడ్యూల్ టైమర్లోనే సేవ్ అవుతుందో లేదో చూడాలి, ఇంటర్నెట్ పోగానే నీళ్లు పెట్టడం మానేసేదైతే అది ఈ పనికి పనికిరాదు.

"ఈఎస్‌పీ32 అనే చిన్న వై-ఫై కంట్రోలర్ బోర్డుతో మట్టి తేమ చూసే ప్రాజెక్ట్ చేస్తున్నాను. రెండు పుల్లల సెన్సర్ కొద్దిరోజులకే తుప్పు పట్టింది. పైగా వై-ఫై ఆన్ చేస్తే రీడింగ్ రావట్లేదు."

రెండూ వేరు వేరు జబ్బులు. ఆ పుల్లల సెన్సర్ మట్టిలోంచి కరెంటు పంపి కొలుస్తుంది, తడి మట్టిలో కరెంటు ఆగకుండా పారుతుంటే లోహం కరిగిపోతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. కెపాసిటివ్ రకం కొనండి, దాని లోహం మట్టికి తగలదు. దాంట్లోనూ పైభాగంలో ఉన్న చిప్పులు, బోర్డు అంచులు నీళ్లకి తట్టుకోవు, గోళ్ల రంగు రెండు పూతలు వేస్తే చాలు (నవ్వకండి, ఎలక్ట్రానిక్స్ అభిరుచి ఉన్నవాళ్లు చాలామంది చేసే పనే ఇది). చవకగా దొరికే కెపాసిటివ్ సెన్సర్లలో తడి పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది, తలకిందులుగా వస్తోందని కంగారు పడొద్దు. మీ కుండీలోని మట్టే ఎండినప్పుడు ఎంత చూపిస్తోంది, నిండా నీళ్లు పోసి కారిపోయాక ఎంత చూపిస్తోంది, ఈ రెండు అంకెలు రాసుకోండి, ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన అంకెలు మీ మట్టికి పనికిరావు.

రెండో జబ్బు బోర్డుది. సెన్సర్ పంపే వోల్టేజీని అంకెగా మార్చే పిన్నులు ఈఎస్‌పీ32లో రెండు గుంపులు, వాటిలో ఏడీసీ2 గుంపు పిన్నులు వై-ఫై నడుస్తున్నప్పుడు రీడింగ్ ఇవ్వవు. వైరు తీసి రెండో గుంపులో, అంటే జీపీఐఓ (పిన్ను నంబరు) 32 నుంచి 39 మధ్యలో ఉన్న పిన్నుకి మార్చండి, అక్కడితో ఆ గొడవ అయిపోతుంది. అరగంటకోసారి లేచి కొలిచి మళ్లీ డీప్ స్లీప్‌లోకి (బోర్డు దాదాపు ఆగిపోయి కరెంటు ఆదా చేసే స్థితి) వెళ్లేలా ప్రోగ్రాం రాస్తే బ్యాటరీ కూడా చాలా రోజులు వస్తుంది. మట్టి తేమ క్షణక్షణానికీ మారదు కదా, ప్రతి సెకనూ గ్రాఫ్ గీసి ఏం చేస్తాం.

ఇక్కడే ఇంకొకరు అడిగారు, బ్యాటరీ లేకుండా తేమ, వెలుతురు, పీహెచ్ మూడూ చూపించే పుల్ల మీటర్ కొనొచ్చా అని. తేమకి ఓ మోస్తరు, అదీ ఎరువు ఎక్కువ వేసిన మట్టిలో ఎండిపోయినా తడిగా ఉందని చూపించొచ్చు. పీహెచ్ మాత్రం నమ్మకండి. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి చూడటం ఇంకా నయం.

"హాల్లో రౌటర్ ఉంది, పెరట్లోకి వెళ్తే సిగ్నల్ ఒక్క గీతే. వర్షాకాలంలో అదీ ఉండదు. ఎక్స్‌టెండర్ కొనాలా?"

కొనే ముందు మీ ఫోన్, స్మార్ట్ ప్లగ్ ఏ బ్యాండ్ మీద ఉన్నాయో చూడండి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే కానీ గోడలు దాటడంలో బలహీనం, పెరటికి 2.4 గిగాహెర్ట్జ్ మేలు, స్మార్ట్ ప్లగ్గులూ టైమర్లూ చాలావరకు దాని మీదే పనిచేస్తాయి కూడా. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉంటే రౌటర్ సెట్టింగ్స్‌లో పేర్లు విడదీయండి. ఛానల్ ఆటోలో వదిలేయకుండా 1, 6, 11లో పక్కింటివాళ్లది లేనిదేదో చూసి పెట్టండి. వర్షాకాలం అనుమానం మీరు సరిగ్గానే పట్టారు, ఆకుల్లో ఉండే నీరు, ఆకుల మీద నిలిచే నీరు రేడియో తరంగాల్ని కొంత మింగేస్తాయి, దట్టంగా అల్లుకున్న పందిరి దాటేసరికి సిగ్నల్ సన్నబడుతుంది.

అయినా చాలకపోతే మెష్ (రెండు మూడు డబ్బాలు కలిసి ఒకే వై-ఫైగా పనిచేసే సెట్) తీసుకోండి, కానీ దాని రెండో డబ్బాని పెరట్లో సిగ్నల్ లేని చోట పెట్టకండి, అందరూ చేసే పని అదే. తనకే సిగ్నల్ అందకపోతే అది మీకేం ఇస్తుంది? వెనక గదిలో, పెరటి కిటికీ పక్కన, రౌటర్ సిగ్నల్ ఇంకా బాగా ఉన్నచోట పెట్టండి. ఓపిక ఉంటే వెనక గది దాకా ఈథర్‌నెట్ కేబుల్ లాగితే అంతకు మించింది లేదు, 100 మీటర్ల దాకా భేషుగ్గా పనిచేస్తుంది. ఇంతా చేసి పెరట్లో కూర్చుని మీటింగులే చూస్తానంటే ఇక మీ ఇష్టం.

"సోలార్ లైట్లు మొదట్లో తెల్లారేదాకా వెలిగేవి, ఇప్పుడు గంటకే ఆరిపోతున్నాయి. పారేయాలా?"

పారేయకండి. ముందు ప్యానెల్‌ని తడిగుడ్డతో తుడవండి, దుమ్ము, పిట్టల రెట్టలు ఎంత అడ్డుపడతాయో తెలుస్తుంది. తర్వాత కింద స్క్రూలు విప్పి బ్యాటరీ చూడండి, చాలావాటిలో 1.2 వోల్టుల రీఛార్జబుల్ నికెల్ బ్యాటరీ ఉంటుంది, ఏడాది రెండేళ్లకి దాని పని అయిపోతుంది, అది మార్చుకుంటే లైటు మళ్లీ కొత్తదే. రిమోట్‌లో వేసే మామూలు 1.5 వోల్టుల సెల్లు మాత్రం పెట్టకండి, అది ఛార్జింగ్‌కి చేసింది కాదు, కారుతుంది. ఇంకొన్ని లైట్లలో చూడ్డానికి అదే సైజులో 3.2 వోల్టుల లిథియం బ్యాటరీ ఉంటుంది, ఒకదాని బదులు ఒకటి పెడితే ప్రమాదం, పాతదాని మీద వోల్టులు చదివి అదే తీసుకోండి. అసలు వెలగడమే మానేసిన లైటయితే ప్యానెల్‌ని చేత్తో పూర్తిగా మూసి చూడండి, అప్పుడు వెలిగితే లైటు బాగానే ఉన్నట్టు, పక్కనున్న వీధి దీపం వెలుగు చూసి ఇంకా పగలే అనుకుంటోందన్నమాట.

"పెరట్లో సాయంత్రం పది నిమిషాలు కూర్చోలేకపోతున్నాం, దోమలు. అల్ట్రాసోనిక్ యాప్ వేయాలా, నీలం లైటు మిషన్ కొనాలా?"

రెండూ వద్దు. ఫోన్ స్పీకర్ నుంచి మన చెవికి వినిపించని ధ్వని పంపి దోమల్ని తరిమేస్తామనే యాప్‌లు పనిచేస్తాయనడానికి ఆధారమే లేదు, ఇలాంటి ధ్వని పరికరాల మీద జరిగిన పరీక్షలన్నిటినీ 2007లో కోక్రేన్ (వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే సంస్థ) సమీక్ష ఒకచోట చేర్చి చూసి తేల్చింది అదే. నీలం లైటు మిషన్ సంగతి ఇంకా అన్యాయం. దోమ మనల్ని వెతుక్కుంటూ వచ్చేది మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని, ఒంటి వేడిని, వాసనని పట్టుకుని, లైటుని చూసి కాదు. 1996లో అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి మిషన్లలో చచ్చిన పురుగుల్ని లెక్కపెట్టి ప్రచురించారు: మొత్తం 13,789, వాటిలో మనుషుల్ని కుట్టేవి 31. మిగతావన్నీ పెరట్లో తమ మానాన తాము బతికేవి, వాటిలో చీడల్ని తినేవి కూడా ఉన్నాయి. పటపటమని శబ్దం వస్తుంటే ఏదో జరుగుతోందని మనకి తృప్తి, అంతే.

కుర్చీల పక్కన పెద్ద టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. దోమ బలహీనంగా ఎగిరే పురుగు, గాలికి నిలవలేదు, పైగా మన ఊపిరిని కూడా ఆ గాలి చెదరగొడుతుంది. వారానికోసారి కుండీల కింద పళ్లేల్లో నీళ్లు ఒంపేయండి, గుడ్డు నుంచి దోమ అయ్యేసరికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి ఆ రిమైండర్ ఒక్కటి ఫోన్‌లో పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. లైట్లు తెల్లటివి తీసేసి 2700 కెల్విన్ పసుపు రంగువి వేస్తే మిగతా పురుగులు కూడా తగ్గుతాయి, కళ్లకీ హాయి.

"పెరట్లో పెట్టిన కెమెరా రాత్రంతా మనిషి వచ్చాడని అలర్ట్‌లు పంపుతోంది. చూస్తే ఏమీ ఉండదు, తెల్లగా ఏదో ఊగుతుంది."

సాలెగూడు. రాత్రి చూపు కోసం కెమెరా చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీల దగ్గరికి పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు వస్తుంది, లెన్స్‌కి అంత దగ్గరలో ఉన్న దారం ఆ వెలుగుకి తాడంత లావుగా కనిపిస్తుంది. చీపురుతో దులిపినా మళ్లీ అల్లేస్తుంది. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ ఆఫ్ చేసి, విడిగా ఇన్‌ఫ్రారెడ్ ల్యాంప్ ఒకటి కొన్ని అడుగుల దూరంలో పెడితే పురుగులూ సాలీడూ అటు పోతాయి. ఊగే కొమ్మలు ఫ్రేములో ఉంటే ఆ భాగాన్ని సెట్టింగ్స్‌లో మాస్క్ చేయండి. పనిలో పనిగా పక్కింటి కిటికీ కనిపిస్తుంటే దాన్ని కూడా మాస్క్ చేసేయండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

"ఆకులు పసుపు రంగుకి తిరుగుతున్నాయి. ఒక యాప్ తెగులు అంటుంది, ఇంకో యాప్ పోషకాల లోపం అంటుంది. ఏది నమ్మాలి?"

మొక్క పేరు చెప్పడంలో ఈ యాప్‌లు బాగా ముదిరాయి. ప్లాంట్‌నెట్ అనే యాప్ అయితే ఆకు, పువ్వు, కాయ, బెరడు విడివిడిగా ఫొటోలు తీసుకుని చెప్తుంది, పువ్వు ఫొటో ఇస్తే గురి ఇంకా బాగుంటుంది. జబ్బు చెప్పడం వేరే సంగతి, పసుపు ఆకు ఒక్కటి చూపించి కారణం అడిగితే యాప్ అయినా మనిషైనా ఊహే. ముదురు ఆకులు ముందు పసుపు రంగుకి తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే మెగ్నీషియం లోపం అయి ఉండొచ్చు, అదే తీరు లేత చిగుళ్లలో కనిపిస్తే ఇనుము. మెగ్నీషియాన్ని మొక్క పాత ఆకుల్లోంచి లాగి చిగురుకి పంపగలదు, ఇనుముని అంత సులువుగా పంపలేదు, తేడా అందుకే. ఇవేవీ కాకుండా మొక్కంతా వాడిపోయినట్టుండి మట్టి చిత్తడిగా ఉంటే నీళ్లు ఎక్కువైపోయాయి. ఆకు అడుగున కూడా ఫొటో తీయండి, పేనుబంక, నల్లి దాక్కునేది అక్కడే. యాప్ చెప్పింది కదా అని మందు మాత్రం వెంటనే కొట్టకండి.

"పొద్దున్నే పెరట్లో ఏదో పిట్ట అరుస్తుంది, కనిపించదు. పాట గుర్తుపట్టే షాజామ్‌లాగా పిట్టకి కూడా ఉందా?"

ఉంది. అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్‌లో సౌండ్ ఐడీ అని 2021లో తెచ్చారు, ఉచితం. మీ ప్రాంతం ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా కూడా పనిచేస్తుంది. పిట్టని పిలవడానికి అందులోని రికార్డింగ్ పదే పదే మోగించకండి, వేరే పిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని అది గాభరా పడుతుంది. పెరట్లో ఫోన్ తీయమని నేను చెప్పే యాప్ ఇదొక్కటే.

"చిన్న ఫౌంటెన్ పంపు, లైట్ల సీరియల్, స్పీకర్ ఛార్జింగ్, అన్నీ ఇంట్లోంచి లాగిన ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుస్తున్నాయి, బాక్సు మీద పాలిథిన్ కవర్ కట్టాను. ఫర్వాలేదా?"

ఫర్వా ఉంది. ముందు ఇంట్లో ప్లగ్ తీసేసి, మిగతాది తర్వాత చదవండి. పాలిథిన్ కవర్ వానని ఆపుతుంది కానీ లోపల పట్టిన చెమ్మని బయటికి పోనివ్వదు. బయట వాడటానికి చేసిన మూత ఉన్న సాకెట్ బాక్సు, కనీసం ఐపీ44 (దుమ్మూ నీళ్లూ ఎంతవరకు ఆపుతుందో చెప్పే అంకె), పైపుతో నీళ్లు కొట్టే చోటైతే ఐపీ65, ఎలక్ట్రీషియన్ చేత గోడకి పెట్టించండి. ఆ లైనుకి 30 మిల్లీఆంపియర్ల దగ్గర ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్) ఉండాలి, ఉంటే దాని మీద టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడండి, పడకపోతే అది ఉన్నా లేనట్టే. వైర్లు సాకెట్‌లోకి వెళ్లే ముందు కాస్త కిందికి వేలాడేలా వదిలితే వైరు మీద జారే నీళ్లు అక్కడే కారిపోతాయి. స్పీకర్ మాత్రం లోపల ఛార్జ్ చేసుకుని బయటికి తెచ్చుకోండి, దానికి బయట ప్లగ్ ఎందుకు?