మా అమ్మాయి ఇంగ్లీష్ టీచర్‌గా కొరియా వెళ్తోంది. అక్కడివాళ్ళలో కలవగలదా?

అమ్మాయి అమెరికాలోనే చదువుకుంది, ఆగస్టు చివర్లో దక్షిణ కొరియాలోని దేగు నగరంలో ప్రభుత్వ ఎలిమెంటరీ స్కూల్లో చేరుతోంది, కొరియన్ రాదు, మాంసం తినదు, ఒక్కతే ఎలా నెట్టుకొస్తుందో అని రాశారు. నేనూ చిన్నప్పుడు అమ్మానాన్నలతో డల్లాస్ వచ్చి, డిగ్రీ అయ్యాక దేగులోనే ఇదే ఉద్యోగం చేశాను. కాంట్రాక్టు ఏడాదికే ఇస్తారు, నేను ఇంకో ఏడాది పొడిగించుకున్నాను కూడా. కాబట్టి మరీ భయపడాల్సిందేం లేదండి.

క్లాసు గురించి అస్సలు దిగులు పెట్టుకోకండి. పక్కన కొరియన్ కో-టీచర్ ఉంటారు. పిల్లలు మొదటి రోజే వయసెంత, పెళ్ళయిందా, బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా అని అడిగేస్తారు, జడ పట్టుకుని చూస్తారు. అమెరికా టీచర్ అంటే తెల్లగా, బంగారు రంగు జుట్టుతో ఉంటుందని వాళ్ళ ఊహ. మన రంగు చూసి 'టీచర్, ఇండియానా అమెరికానా?' అంటారు. రెండూ అని చెబితే పిల్లలకు వారంలో అలవాటైపోతుంది, పెద్దవాళ్ళకు ఇంకొంచెం టైం పడుతుంది. ఒకరిద్దరు తల్లిదండ్రులు నా ఇంగ్లీష్ 'అసలైనదేనా' అని వాకబు చేశారట. బాధేసింది, కాదనను. కానీ నా చదువు సంగతి కో-టీచర్ చెప్పేసరికి ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

కలవడం, కలవకపోవడం తేలేది స్టాఫ్ రూములో. అమ్మాయిని అద్దె గదికి తీసుకెళ్ళడం, బ్యాంకులో పక్కన కూర్చోవడం, గ్యాస్ బిల్లు చదివి చెప్పడం, అన్నీ ఆ కో-టీచరే చేయాలి. ఆవిడ ఈ పని కోరుకుని తీసుకుని ఉండకపోవచ్చు. చాలాచోట్ల వంతుల వారీగా ఒకరి నెత్తిన పెడతారు, తన సొంత పనులు ఎలాగూ తప్పవు. ఇది తెలియక చాలామంది కొత్త టీచర్లు చీటికీమాటికీ మెసేజ్ పెట్టి ఆవిడను విసిగిస్తారు. అడగాల్సినవన్నీ రాసి పెట్టుకుని, రోజుకోసారి కకావో టాక్‌లో (అక్కడి వాట్సాప్ లాంటిది) ఒకే మెసేజ్‌గా పంపమనండి.

పెద్దవాళ్ళు చెంచా ఎత్తేదాకా ఆగడం, ఏదైనా రెండు చేతులతో ఇచ్చి పుచ్చుకోవడం, ప్రిన్సిపాల్ ఎదురైతే తల వంచడం, ఇవన్నీ నాతో వచ్చిన అమెరికన్లకు కొరుకుడు పడలేదు. మన ఇళ్ళలో పెరిగిన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే మన మొహమాటం మాత్రం అక్కడ పనికిరాదు. ఈ రోజు నాలుగో పీరియడ్ లేదనీ, సాయంత్రం టీచర్లందరికీ వాలీబాల్ ఉందనీ చివరి నిమిషంలో తెలుస్తుంది (వాలీబాల్ నిజంగానే ఉంటుంది, అదీ పట్టుదలగా ఆడతారు). ఎవరూ వచ్చి ముందుగా చెప్పరు. పొద్దున్నే వెళ్ళి 'ఇవాళ మార్పులేమైనా ఉన్నాయా?' అని నవ్వుతూ అడిగేయాలి.

స్టాఫ్ డిన్నర్లను హ్వెషిక్ అంటారు. తాగాలా వద్దా అని మీరు కంగారు పడతారేమో. తాగనని మొదటిసారే చెప్పేసి, గ్లాసులో సైడర్ పోయించుకుంటే చాలు. అక్కడ సైడర్ అంటే మన స్ప్రైట్ లాంటి సోడానే. పెద్దవాళ్ళ గ్లాసు ఖాళీ అయినప్పుడు రెండు చేతులతో పట్టి పోస్తే, తాగలేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

తిండి దగ్గర మాత్రం కాస్త కష్టమే. మధ్యాహ్నం అందరూ స్కూలు క్యాంటీన్‌లో కలిసి తింటారు. నెల మెనూలో ప్రతి వంటకం పక్కన చిన్న అంకెలుంటాయి. అవి అలర్జీ ఉన్నవాళ్ళ కోసం వేసినవి: 1 గుడ్డు, 9 రొయ్య, 10 పంది మాంసం, 15 కోడి, 16 గొడ్డు మాంసం. కొరియన్ చదవడం రాకపోయినా అంకెలు చూసుకుని వడ్డించుకోవచ్చు. అయితే ఎండు నెత్తళ్ళకు అందులో అంకె లేదు, చాలా పులుసులకు మూలం వాటితో కాచిన నీళ్ళే. వాళ్ళ క్యాబేజీ పచ్చడి కిమ్చీలో కూడా మామూలుగా చేప సాసో, ఊరవేసిన రొయ్యలో పడతాయి. ఈ మాత్రానికి సర్దుకునేట్టయితే క్యాంటీన్‌లోనే గడిచిపోతుంది. కాదంటే మొదటి వారంలోనే చెప్పి డబ్బా తెచ్చుకోవాలి. కానీ ఆ డబ్బా తన డెస్క్ దగ్గర కాకుండా అందరితో కలిసి ఆ బల్ల మీదే తినాలి. మనుషులు దగ్గరయ్యేది ఆ ఇరవై నిమిషాల్లోనే.

ఇంట్లో వంటకు ఇబ్బంది ఉండదు. అక్కడి బియ్యం ముద్దగా అవుతుంది, పెరుగన్నానికి భేషుగ్గా ఉంటుంది. పప్పులు, మసాలాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. దేగులోనే ఉన్న క్యుంగ్పూక్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధన చేసే తెలుగువాళ్ళు నాకు పరిచయమయ్యారు, చింతపండు ఎక్కడ దొరుకుతుందో చెప్పింది వాళ్ళే. పచ్చళ్ళు, పొడులు గట్టిగా సీలు వేసి పెట్టండి. పచ్చి కరివేపాకు, పళ్ళు, విత్తనాలు మాత్రం పెట్టొద్దు, ఎయిర్‌పోర్టు క్వారంటైన్‌లో ఆపేస్తారు.

దిగిన 90 రోజుల్లోపు విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డుకు అప్లై చేయాలి. అది చేతికొచ్చేదాకా ఫోన్ కనెక్షన్, బ్యాంకు పనులు నత్తనడకే, మొదటి జీతానికీ టైం పడుతుంది. కొంత డబ్బు దగ్గర పెట్టి పంపండి. వీసా సందేహాలకు 1345కి ఫోన్ చేస్తే ఇంగ్లీషులో చెబుతారు. గూగుల్ మ్యాప్స్‌ను నమ్ముకోకుండా నేవర్ మ్యాప్ అనే కొరియా యాప్ పెట్టుకోమనండి. చెత్తకు ఆ ప్రాంతం పేరు అచ్చువేసిన సంచులే కొనాలి, తిండి వ్యర్థాలు వేరుగా వేయాలి. జీతంలో పెన్షన్ కోత కనిపిస్తే గాభరా పడొద్దు. యజమాని కూడా అంతే కడతారు, అమెరికా పౌరులు దేశం విడిచి వెళ్ళేటప్పుడు ఆ మొత్తం తిరిగి తీసుకోవచ్చు.

నవంబరులో ఒక గురువారం యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష జరుగుతుంది. ఇంగ్లీష్ లిజనింగ్ సాగుతున్నంతసేపు దేశంలో విమానాలు పైకి లేవనివ్వరు, దిగనివ్వరు. ఎలిమెంటరీ పిల్లలు కూడా స్కూలయ్యాక హాగ్వన్ అనే ట్యూషన్లకు ఎందుకు పరుగెత్తుతారో ఆ రోజు అర్థమవుతుంది. మన ఎంసెట్ ఇళ్ళల్లో ఉండే వాతావరణమే, కాకపోతే ఇంకా చిన్న వయసు నుంచే మొదలు. క్లాసులో ఎవరైనా కునుకు తీస్తే కోప్పడొద్దని మీ అమ్మాయికి చెప్పండి.

ఇక హైదరాబాద్‌లో ఉన్న మీ అన్నగారమ్మాయి కూడా ఇలా వెళ్ళొచ్చా అన్న సంగతి. ఇంగ్లీష్ టీచర్ వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే ఇస్తారు: అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం (సెపా) వల్ల, టీచింగ్ అర్హత ఉన్న భారతీయులకు కూడా స్కూళ్ళలో సహాయక ఇంగ్లీష్ టీచర్లుగా అవకాశం ఉంది. కానీ అలా వచ్చిన భారతీయులెవరూ నాకు అక్కడ తారసపడలేదు. బీఈడీ ఉంటే ప్రయత్నించమనండి, ఇప్పుడున్న ఉద్యోగం మాత్రం అప్పుడే మానొద్దు.