వాన పడితే పాప వణికిపోతోందంటే

వరద తర్వాత నుంచి వాన మొదలైతే చాలు మీ నాలుగేళ్ల పాప మంచం కిందకి దూరుతోందని, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందని, తిడితే ఇంకా ఎక్కువైందని రాశారు. ముందు ఆ తిట్టడం ఆపండి. అది మొండితనం కాదు, భయం.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మేం అక్కడే కింది వాటాలో అద్దెకుంటున్నాం. పడవ వచ్చేదాకా మూడు రోజులు కరెంటు లేకుండా మేడ మీద ఓనర్ వాళ్లింట్లో ఉన్నాం. మా వాడికి అప్పటికి నాలుగున్నరేళ్లు. పడవ ఎక్కేటప్పుడు కూడా ఏడవలేదు. ఎంత ధైర్యమో అని మురిసిపోయాం. అత్తగారి ఊరు చేరిన వారానికి బయటపడింది అసలు సంగతి. బాత్రూంలోకి ఒక్కడూ వెళ్లడు, ట్యాప్ తిప్పితే కేక.

"ఏం లేదురా, భయపడకు" అని వందసార్లు చెప్పాను. ఏం లేదంటే వాడెలా నమ్ముతాడు, కళ్ల ముందే ఫ్రిజ్ తేలిపోయింది కదా!

ఒకరోజు స్నానం చేయిస్తుంటే అడిగాడు. "అమ్మా, ఆ రోజు నేను ట్యాప్ కట్టలేదు. అందుకేనా ఇల్లంతా నీళ్లొచ్చాయి?" నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ముందురోజు ట్యాంకు ఖాళీ చేశాడని అరిచింది నేనే. ఈ వయసు పిల్లలు జరిగిన చెడుకి తామే కారణమనుకోవడం మామూలేనని తర్వాత పిల్లల డాక్టరు చెప్పారు. "కాదు నాన్నా, పెద్ద వాన పడి బుడమేరు కట్టకి గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చేశారు" అన్నాను. అదే మాట రోజుకి నాలుగైదుసార్లు చెప్పించుకునేవాడు. మీ పాప అడిగినా విసుక్కోకండి. అలాగని ఇంకెప్పుడూ వరద రాదని మాత్రం చెప్పకండి. "వస్తే ముందే మేడెక్కేస్తాం, నీ చెయ్యి వదలను" అంటే చాలు.

ఇంకోటి, ఆట. బకెట్లో స్టీలు పళ్లెం వదిలి, దాని మీద బొమ్మని ఎక్కించి ముంచేవాడు. మళ్లీ మళ్లీ అదే. మావారు చూడలేక బకెట్ లాగేస్తే మా అత్తయ్య "ఆడుకోనీరా, వాడి భయం వాడు తీర్చుకుంటున్నాడు" అన్నారు. ఆవిడ చదివింది ఐదో తరగతి. కొన్నాళ్లకి ఆ బొమ్మకి పాల ప్యాకెట్లు తెచ్చే పడవొచ్చింది, ఆ తర్వాత అన్నం పొట్లాలతో డ్రోన్ కూడా వచ్చింది.

టీవీలో వరద వార్తలు కట్టేయండి. పక్క తడిపితే ఏమీ అనకుండా దుప్పటి మార్చేయండి. స్కూల్లో టీచర్‌కి ఒక మాట చెప్పి ఉంచండి. నెల దాటినా తగ్గకపోయినా, తిండీ మాటా తగ్గిపోయినా డాక్టరుకి చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. నేను ఆ నంబరుకి ఫోన్ చేసింది మాత్రం వాడి కోసం కాదు, నా కోసం. రాత్రుళ్లు చినుకు చప్పుడుకి మొదట లేచి కూర్చునేది నేనే. వాడు నా మొహం చూసి ఇంకా బెదిరిపోయేవాడు.

ఇప్పటికీ గట్టి వాన పడితే లేచి వెళ్లి గుమ్మం బయటికి చూస్తాడు. "ఇంకా మెట్టు దాకా రాలేదమ్మా" అని నాకు చెప్పి పడుకుంటాడు.