బీరువాను గోడకు ఆనించకు

హన్మకొండ

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. బోనస్ డబ్బులన్నీ పట్టుకొని డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పోతావట, బస్తాల కొద్దీ పుస్తకాలు తెస్తావట, పరకాలలో తాత ఇంటి ముందరి గదిని పిల్లల లైబ్రరీ చేస్తావట. మీ అమ్మకు డబ్బుల టెన్షన్. నాకు ఆ గది పడమటి గోడ టెన్షన్. వానాకాలమంతా దానికి చెమ్మే. నువ్వు పుట్టకముందే అక్కడ వడ్లు పోయడం మానేశాం.

చిన్న పనులు ముందు చెప్తా. ప్రతి పుస్తకానికి నంబరు వెయ్యి, రిజిస్టర్‌లో ఎక్కించు. ముద్ర మొదటి పేజీ మీదే కాదు, లోపల ఒక పేజీలో కూడా కొట్టు. ఎవరు తీసుకెళ్లినా సంతకం పెట్టించుకో. మీ బాబాయి అయితే తప్పకుండా పెట్టించుకో.

ఇక బీరువా సంగతి.

కాజీపేటలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, జీతం రోజు వరంగల్ చౌరస్తాలో దిగి పుస్తకం కొనకుండా ఇంటికి వచ్చేవాణ్ణి కాదు. టేకు బీరువా చేయించిన, అద్దాల తలుపులతో. పుస్తకాలు దుమ్ము పట్టొద్దని తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్న. "కొన్నవన్నీ చదివినవా?" అని మీ అత్త అడిగితే కోపం వచ్చేది. తీరిక దొరకనీ, చదువుత అనేవాణ్ణి.

మా క్వార్టర్ వెనుక ఉండే ఒక పిలగాడు రోజూ వచ్చి అద్దం ముందు నిలబడి పేర్లన్నీ బయటికి చదివేవాడు. ఒకరోజు ఒక పుస్తకం అడిగిండు. "చేతులు కడుక్కొని రాపో" అన్న. పరుగెత్తుకుంటూ పోయి కడుక్కొని, లాగుకు తుడుచుకుంటూ వచ్చిండు. ఇవ్వబుద్ధి కాలే. "రేపు చూద్దాంలే" అన్న. తెల్లారి రాలేదు. ఆ తరువాత అద్దం దగ్గరికి కూడా రాలేదు.

ఆ ఏడు వానలు తగ్గినాక చాన్నాళ్లకు తాళం తీసిన. అట్టల వెన్నులు జీతం రోజు కొన్నంత కొత్తగా, వరుసగా ఉన్నయి. ఒకటి లాగితే వెన్ను ఒక్కటే చేతికొచ్చింది. వెనుక అంతా మన్ను. చెదలు గోడలోంచి వచ్చి, బీరువా వెనుక చెక్క తిని, పుస్తకాలు తిన్నయి. 212 పుస్తకాలల్ల 37 మిగిలినయి. ఆ పిలగాడు అడిగింది మిగల్లేదు. తట్టల్లో ఎత్తిపోస్తుంటే మీ అత్త ఒక్కొక్క అట్ట చూపించి "ఇందులో ఏముండె?" అని అడిగింది. సగానికి పైగా చెప్పలేకపోయిన. నేను వాటిని తెరవనే లేదు కదా బిడ్డా.

అందుకే ఇనుప ర్యాకులు కొను. గోడకు జానెడు ఎడం ఉంచు. కింది అర నేలకు అడుగున్నర ఎత్తు ఉండాలె. 2023 జులైలో హన్మకొండ కాలనీలల్ల నీళ్లు నిలిచినప్పుడు రాత్రంతా మంచం మీదికి పుస్తకాలు ఎక్కించుకుంటూ కూర్చున్న. వేపాకు పెడితే పెట్టు గానీ దాన్ని నమ్ముకోకు. నెలకోసారి ప్రతి పుస్తకం తీసి, విప్పి, దులుపు. కొత్త పుస్తకం వాసనకు నువ్వు పరవశించిపోతావు, నాకు తెలుసు, అది మా నాయన నుంచి వచ్చిన జబ్బు. ఒక బస్తా చదివినాకే ఇంకో బస్తా కొను.

మీ అమ్మకు చెప్పకు గానీ, ఫోన్ పెట్టినాక చాలాసేపు నిద్ర పట్టలే, సంతోషంతో. నేను బడి మానేసి పోయి కూర్చున్నది హన్మకొండ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలోనే. 1904లో పెట్టిన లైబ్రరీ అది, నిజాం రోజులల్ల. రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిండని అక్కడి పెద్దలు చెప్తుంటే నోరు తెరుచుకొని వినేవాణ్ణి. ఇప్పుడు మా చెల్లె బిడ్డ బస్తాలు మోస్తానంటున్నది. నడుము జాగ్రత్త, ఆటోవాడికి పైసలియ్యి.

ఆదివారం పొద్దున బస్సుకు టేపు పట్టుకొని పరకాల వస్తా. గోడ నేను చూసేదాకా ర్యాకులు కొనకు. మిగిలిన 37 కూడా తెస్తా, అంచులు తిన్నవే, చదవడానికి పనికొస్తయి. పిల్లల చేతులకు మట్టి ఉన్నా ఇచ్చెయ్.

మీ మామ