ఈజిప్టు ఎర్రకుండలకు నల్లని మూతి ఎలా వచ్చింది?

కుమ్మరి సారె (కుండలు చేసే చక్రం) లేని కాలంలో ఈజిప్షియన్లు అంత నునుపైన ఎర్రకుండలను ఎలా చేశారని, వాటి మూతికి నల్లరంగు పూశారా అని మీరు అడిగారు. ఆ నలుపు పూత కాదు, నిప్పు వల్ల వచ్చినది. మాది కుమ్మరుల కుటుంబం. లండన్‌లోని పెట్రీ మ్యూజియంలో ఈ కుండలను చూసి వచ్చాక, మా తాతగారి ఆవం దగ్గర నేను అటువంటివి చేసి చూశాను.

ఇవి ఎక్కువగా క్రీ.పూ. 4000 ప్రాంతపు ఎగువ (దక్షిణ) ఈజిప్టు సమాధులలో దొరికాయి. నైలు ఒండ్రుమట్టిలో ఇనుము ఎక్కువ కాబట్టి గాలి బాగా ఆడే మంటలో అది ఎర్రగా కాలుతుంది. కుండను చేత్తోనే ఎత్తి, గోడలను గీకి పలుచన చేసి, పైన జేగురు (ఎర్రని ఖనిజమట్టి) పూసి, నున్నని గులకరాయితో రుద్దేవారు. ఈ రుద్దడంలోనే అసలు నేర్పు ఉంది: తడి ఎక్కువైతే పూత రాయికి అంటుకుని లేచిపోతుంది, బాగా ఆరిపోతే గీతలు పడతాయి తప్ప మెరుపు రాదు. నాకు ఆ అదను చిక్కడానికే నాలుగు కుండలు పాడయ్యాయి.

నలుపు కోసం మొదట కుండలను ఊకలో కప్పి కాల్చాను. అన్నీ బూడిదరంగుకు తిరిగాయి. రెండోసారి, ఎర్రగా కాలిన కుండను వేడిమీదే పట్టకారుతో తీసి ఊకకుప్పలో బోర్లించాను. ఊక గాలి చాలక పొగచూరి కాలుతుంటే ఆ మసి మట్టి రంధ్రాలలోకి దిగి, మూతి, లోపలి భాగం నల్లబడ్డాయి. గాలిలో ఉన్న అడుగు ఎర్రగానే మిగిలింది. ఈజిప్టులో ఇలా రెండు విడతలుగా చేశారని కొందరు పరిశోధకులు, ఒకే కాల్పులో మూతిని బూడిదలో పూడ్చి సాధించారని మరికొందరు అంటారు. నా అనుభవం రెండు విడతల పద్ధతి వైపే మొగ్గుతోంది. తెలంగాణలోని బృహత్‌శిలా సమాధులలో (పెద్ద రాళ్లతో కట్టిన ప్రాచీన సమాధులు) దొరికే నలుపు-ఎరుపు పాత్రలు కాలమూ దేశమూ వేరైనా, అవి కూడా ఇటువంటి పొగకాల్పు ఫలితమే.

సారె విషయానికి వస్తే, చేత్తో తిప్పే నెమ్మది సారె ఈజిప్టు పాత రాజ్య కాలానికి (సుమారు క్రీ.పూ. 2700–2200) వచ్చింది. కైరో దగ్గరి సక్కారా శ్మశానంలో, టీ అనే అధికారి సమాధి గోడమీద, అయిదో రాజవంశ కాలపు చిత్రాలలో, కుమ్మరి దానిని తిప్పడం చూడవచ్చు. అప్పటికి నల్లమూతి కుండల వాడుక ఎప్పుడో తగ్గిపోయింది.

మీరు స్వయంగా ప్రయత్నించేటట్లయితే, ఎరుపు-నలుపుల మధ్య గీత సూటిగా రాలేదని కుండను పారేయకండి. మ్యూజియంలో నేను చూసినవాటిలోనూ ఆ అంచు ఎగుడుదిగుడుగానే ఉంది.