జేఈఈకి ఒక లెక్క, ఎప్‌సెట్‌కి ఇంకో లెక్క

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీకి వచ్చింది. కాలేజీలో జేఈఈ, ఎంసెట్ రెండూ చదివిస్తున్నారు. వీక్లీ టెస్టుల్లో జేఈఈ మార్కులు తక్కువ వస్తున్నాయని ఇంటికొచ్చినప్పుడల్లా ఏడుస్తోంది. గుంటూరులో ఉండే మా బావమరిది, ఇంటర్ మార్కులు కూడా ర్యాంకులో కలుస్తాయి, ముందు అవి చూసుకోండి అంటున్నాడు. దేని మీద దృష్టి పెట్టమంటారు? లాంగ్‌టర్మ్ గురించి ఇప్పుడే ఆలోచించాలా?

జవాబు: మీ బావమరిది చెప్పింది నిజమే, కానీ అది ఆంధ్రా లెక్క. ఏపీ ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణలో 2023 నుంచి దాన్ని తీసేశారు. మన దగ్గర పరీక్షలో వచ్చిన మార్కులతోనే ర్యాంకు. (మీరు ఎంసెట్ అంటున్న పరీక్షే ఈ ఎప్‌సెట్. తెలంగాణలో 2024లో పేరు మారింది.) అలాగని ఇంటర్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో చేరే ఎన్ఐటీల్లో (కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలు) సీటు కావాలంటే ఇంటర్‌లో 75 శాతం మార్కులు రావాలి, లేదంటే బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే నూటికి మొదటి ఇరవై మందిలో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే 65 శాతం చాలు. వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం కోటావే. మెయిన్‌లో మంచి ర్యాంకు వచ్చి, ఇంటర్ మార్కులు చాలక ఆ సీటు పోతే ఆ బాధ మామూలుగా ఉండదు.

ఇక అమ్మాయి ఏడుపు సంగతి. రెండు పరీక్షలకూ సిలబస్ చాలావరకు ఒకటే. రాసే తీరే వేరు. జేఈఈ మెయిన్‌లో మూడు గంటలకు 75 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి రెండు నిమిషాల పైనే. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ఎప్‌సెట్‌లో అదే మూడు గంటల్లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నిమిషం దాటి ఏడెనిమిది సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. మొదటి దానిలో తెలియనిది వదిలెయ్యడం రావాలి, రెండో దానిలో ఒక్కటీ వదలకుండా చివరిదాకా వెళ్లడం రావాలి. సోమవారం ఒక పద్ధతి, గురువారం ఇంకో పద్ధతి అంటే ఏ పిల్లకైనా టెన్షనే. ఆ మార్కులు చూసి తనకు చదువు రాదనుకోవద్దని అమ్మాయికి మీరే చెప్పండి.

పోయిన ఏడాది ఒకమ్మాయి ఎప్‌సెట్ మాక్ (నమూనా పరీక్ష) రాస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. మ్యాథ్స్‌తో మొదలుపెట్టింది. ఇరవయ్యో ప్రశ్న దాటకముందే ఒక ఇంటిగ్రేషన్ దగ్గర ఆగిపోయింది. రఫ్ పేపరు ఒక పక్క నిండింది, తిప్పింది, రెండో పక్కా సగం నిండింది. పదకొండు నిమిషాలు! జవాబు కరెక్టే, ఒక్క మార్కు. టైమ్ అయిపోయేసరికి కెమిస్ట్రీలో పద్దెనిమిది ప్రశ్నలు తెరవనేలేదు. వాటిలో సగం తెలుగు అకాడమీ పుస్తకం శ్రద్ధగా చదివితే నోటికి వచ్చేవే. ఆ రోజు నుంచి ఆమెతో కెమిస్ట్రీ ముందు చేయించాను: ముప్పై నిమిషాల్లో 40 ప్రశ్నలు. తర్వాత ఫిజిక్స్ 40 ప్రశ్నలకు ముప్పావు గంట. మిగిలిన టైమ్ అంతా మ్యాథ్స్ 80కి. మీ అమ్మాయికి ఇదే వరుస కుదరకపోవచ్చు, రెండు మూడు మాక్‌లలో మార్చి చూసుకోమనండి. మాక్ మాత్రం కంప్యూటర్ మీదే రాయాలి. తెర మీద ప్రశ్న చూసి, కింద కాగితం మీద లెక్క చేసి, మళ్లీ తల ఎత్తి ఆప్షన్ వెతుక్కోవడం పేపరు మీద రాసినంత సులువు కాదు.

ఏడాదిని వెనక నుంచి ముందుకు లెక్కేసుకోండి. ఎప్‌సెట్ మేలో, మెయిన్ రెండో విడత ఏప్రిల్ మొదట్లో, దానికి ముందు ఇంటర్ పరీక్షలు, ఇంకా ముందు ప్రాక్టికల్స్, జనవరిలో మెయిన్ మొదటి విడత. కాబట్టి సిలబస్ డిసెంబరుకల్లా అయిపోవాలి. అప్పటిదాకా జేఈఈ లోతులోనే చదవనివ్వండి, ఎప్‌సెట్‌కు కావలసింది చాలావరకు అందులోనే వస్తుంది. ప్రిపరేషన్ కాలేదని జనవరి విడత మానేయనివ్వద్దు. రెండింట్లో ఏది ఎక్కువొస్తే అదే తీసుకుంటారు. ఫిబ్రవరి, మార్చి పూర్తిగా ఇంటర్‌కే. ఏప్రిల్ విడత అయ్యాక ఉన్న రోజులన్నీ ఎప్‌సెట్ స్పీడుకి. ప్రైవేటు వర్సిటీల పరీక్షలంటారా, ఫీజు కట్టి చేర్పించగలిగినది ఒక్కటుంటే ఒక్కటే రాయించండి. ఐదారు అప్లికేషన్లు వద్దు.

ఇవన్నీ అమ్మాయి పనులు. మీ పని ఒకటుంది, చాలామంది తండ్రులు మే నెల దాకా పట్టించుకోరు. సర్టిఫికెట్లు. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉన్నాయా చూడండి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మీరు బీసీ అయితే, ఎప్‌సెట్‌కు పనికొచ్చే రాష్ట్రం కుల సర్టిఫికెట్ జేఈఈ కౌన్సెలింగ్‌కు పనికిరాదు. అక్కడ కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్‌క్రీమీలేయర్ సర్టిఫికెట్ అడుగుతారు, అదీ అడ్మిషన్ జరిగే ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే. రాష్ట్రం బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్రం జాబితాలో లేవు, మీది ఉందో లేదో ముందే చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ అయితే దానికీ ఏప్రిల్ 1 నిబంధన ఉంది. ఏప్రిల్ రాగానే మీసేవకు వెళ్లి అప్లై చేయండి. జూన్‌లో అయితే ఎమ్మార్వో ఆఫీసు దగ్గర క్యూ చూసే ఉంటారు.

లాంగ్‌టర్మ్, అంటే ఇంటర్ అయ్యాక ఇంకో ఏడాది కోచింగ్ తీసుకుని మళ్లీ రాయడం, ఆ మాట ఇంట్లో ఇప్పుడు ఎత్తకండి. వచ్చే ఏడాది ఇంకో చాన్స్ ఉందని అమ్మాయికి తెలిస్తే ఈ ఏడాది పట్టు సడలుతుంది. లేదా నాన్నకు నా మీద నమ్మకం లేదనుకుంటుంది. ఈ రెండోదే నాకు ఎక్కువ భయం. జేఈఈ అడ్వాన్స్‌డ్ (మెయిన్ తర్వాత ఐఐటీల కోసం రాసే పరీక్ష) వరుసగా రెండేళ్లు రాయొచ్చు కాబట్టి, రిజల్ట్స్ వచ్చాక ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవడానికి టైమ్ ఉంటుంది.

ఈసారి సెలవుకు ఇంటికొచ్చినప్పుడు పాత ఎప్‌సెట్ పేపరు ఒకటి కంప్యూటర్ మీద, ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి పన్నెండింటికి ఆపేలా రాయించండి. ఎన్ని కరెక్టో అడగకండి. ఏ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగిందో, తెరవకుండా ఎన్ని మిగిలాయో రాసి నాకు పంపండి. సబ్జెక్టుల వరుస, టైమ్ అది చూసి చెబుతాను.